గాజుతొట్టిలోని చిన్న సముద్రము

విశాఖపట్టణమున తెన్నేటి పార్కు దిగువనున్న బండలను ఆటు సమయమున చూచితిరా? నాచు పట్టిన ఱాళ్లపై నత్తలు మెల్లగా ప్రాకుచుండును. వాని నాలుక ఆకురాయివలె సన్నని పండ్లతో నిండియుండును. దానితో నాచును గీకి తినును. ఇంట ఉప్పునీటి తొట్టిలో పగడపు దిబ్బల చేపలను పెంచువారికి ఈ నత్తలే మొదటి పనివారు.

చేపలు తినగా మిగిలిన మేతను సన్యాసిపీత ఏరి తినును. పేరు సన్యాసియే గాని దానికి ఇంటిపై మక్కువ మెండు! అది నత్తలు విడిచిన గుల్లలో కాపురముండును. పెరిగినకొలది పెద్దగుల్ల కావలెను. అది దొరకనిచో, బ్రతికియున్న నత్తను చంపియైనను దాని గుల్లలో దూరును. కావున పీతతోపాటు తగిన వట్టిగుల్లలను కొన్నిటిని తొట్టిలో వేయవలెను.

సముద్రదోసకాయ యను జంతువు ఇసుకను మ్రింగి, అందలి మలినమును జీర్ణించుకొని, శుభ్రమైన ఇసుకను విడుచును. పనిలో దానికి సాటి లేదు; అయినను దానిని కోరరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రింద 2001లో సముద్రదోసకాయలకును పగడములకును రక్షణ కల్పించిరి. వానిని సముద్రమునుండి పట్టి తెచ్చుట నేరము. అదియునుగాక కొన్ని జాతులు చచ్చునపుడు విషము విడిచి, తొట్టిలోని చేపలను చంపగలవు.

నత్తలనైనను గంపెడు తేరాదు. నాచు చాలక అవి ఆకలితో చచ్చి క్రుళ్లినచో నీరు చెడును. మొదట రెండుమూడింటిని విడిచి, గాజుపై నాచు ఎంత తరిగినదో వారముల తరబడి గమనించి, పిమ్మట మరికొన్నిటిని చేర్పవలెను. కదలని నత్తను పైకితీసి వాసన చూడుడు. చచ్చినదైనచో ముక్కే చెప్పును.