రబీ తడులు: సెన్సర్‌ను నిద్రపోనివ్వండి

మొక్కజొన్న మోకాలెత్తు దాటుతోంది. పూత దశలో ఒక్క తడి తప్పినా కంకిలో గింజ పలచబడుతుంది. డ్రిప్పు కింద తేమ సెన్సర్లు, ఫోనుతో నడిపే వాల్వులు పెట్టుకున్న రైతులు వాటిని సరిచూసుకోవాల్సింది ఇప్పుడే. పైరు నెత్తి దాటాక చేలో దిగి వెతుక్కోవడం కష్టం.

ముందు యాంటెన్నా చూడండి. చాలా సెన్సర్లలో ఉండే లోరా రేడియో మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ పైన, లైసెన్సు అక్కర్లేని పట్టీలో పనిచేస్తుంది. బీడు మీద కిలోమీటర్ల దూరం అందే సిగ్నల్‌ను నిలువెత్తు చేను, మంచుకు తడిసిన ఆకులు మింగేస్తాయి. సిగ్నల్ తగ్గితే పరికరం అదే సందేశాన్ని సాగదీసి నెమ్మదిగా పంపుతుంది. దగ్గర్లో సెకనులో ఇరవయ్యో వంతులో అయిపోయే చిన్న సందేశానికి అప్పుడు సెకను పైనే పడుతుంది. అంతసేపూ బ్యాటరీ ఖర్చే. యాంటెన్నాను వెదురు గడకో జీఐ పైపుకో కట్టి, పైరు ఎదిగాక కూడా రెండడుగులు పైన ఉండేలా చూసుకోండి.

బ్యాటరీ ఐదేళ్లు వస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. ఎంతసేపటికోసారి రీడింగు పంపితే అన్నేళ్లు వస్తుందో మాత్రం మనమే అడగాలి. సెన్సరు నిద్రలో ఉన్నప్పుడు లాగే కరెంటుకు, సందేశం పంపేటప్పుడు లాగే కరెంటుకు వేల రెట్ల తేడా ఉంటుంది. పావుగంటకోసారి పంపమంటే రోజుకు 96 సందేశాలు, రెండు గంటలకోసారి అయితే 12. జానెడు లోతున ఉన్న తేమ పావుగంటలో ఏమంత మారిపోదు. రబీకి రెండు గంటలు చాలు. మధ్యలో తేమ మీరు పెట్టిన గీత కిందికి దిగితే వెంటనే చెప్పేలా యాప్‌లో హద్దు పెట్టుకోండి. మార్పు ఉంటేనే పంపమని పూర్తిగా వదిలేయడం మంచిది కాదు. సెన్సరు మౌనంగా ఉంటే నేల బాగుందో, ఎలుక వైరు కొరికిందో తెలియదు.

ఆ గీత ఎక్కడ పెట్టాలన్నది నేలను బట్టి ఉంటుంది. పక్క ఊరి రైతు పెట్టిన అంకె మీకు పనికిరాదు. 20 శాతం తేమ ఎర్ర ఇసుక నేలలో సరిపడా తడి, నల్లరేగడిలో మొక్క వాడే స్థితి. బాగా తడిపిన మర్నాడు వచ్చే రీడింగును రాసిపెట్టుకోండి. అక్కడి నుంచి మధ్యాహ్నం ఆకులు చుట్టుకునే రోజు దాకా అంకె ఎంత దిగిందో చూస్తే మీ గీత మీకే దొరుకుతుంది. సెన్సరును గుచ్చేటప్పుడు చుట్టూ గాలి సందు లేకుండా మెత్తటి బురద పోయాలి, లేకపోతే ఆ అంకెను నమ్మలేం.

ఎక్కువమంది తొందరపడేది వాల్వు దగ్గర. బ్యాటరీ వాల్వు నిద్రలో ఉన్నప్పుడు ఫోనులో "ఆన్" నొక్కితే ఆ ఆదేశం సర్వరులో ఆగుతుంది, తెర మీద "పెండింగ్" అని కనిపిస్తుంది. వాల్వు లేచి తన సందేశం పంపాకే దాన్ని అందుకుంటుంది. అది పాడైనట్టు కాదు, దాని పద్ధతే అంత. పెండింగ్ చూసి ఆన్, ఆఫ్, మళ్లీ ఆన్ అని నొక్కుతూ పోతే కొన్ని వ్యవస్థల్లో ఆదేశాలన్నీ వరసకట్టి తర్వాత ఒకదాని వెంట ఒకటి దిగుతాయి. వారం తడుల షెడ్యూలును ఒకేసారి వాల్వులోకి పంపేయడం మేలు. అప్పుడు ఊళ్లో నెట్ పోయినా తడి ఆగదు.

కొత్తగా కొనేవాళ్లు ఒక మాట అడగండి: ఈ పరికరం వేరే కంపెనీ సర్వరుతో కూడా పనిచేస్తుందా? ఇలాంటి చిన్న పరికరాలను దూరం నుంచి నడపడానికి లైట్‌వెయిట్ ఎం టూ ఎం అనే ఉమ్మడి పద్ధతి 2017లోనే వచ్చింది. సొంత పద్ధతి తప్ప మరొకటి తెలియని పరికరం, ఆ కంపెనీ మూతపడిన రోజు గట్టు మీద రాయితో సమానం. ధర కాస్త తక్కువని దాన్ని కొనకండి.

ఇక మొబైల్ స్టార్టరు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు ఇస్తూ, ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. అక్కర్లేకున్నా మోటారు నడిచి భూగర్భ జలం అడుగంటుతుందన్నది కారణం. ఆ మాట ఇప్పటికీ నిజమే. మొబైల్ స్టార్టరులో ఆటో మోడ్ తీసేసి టైమరు పెట్టుకోండి. కంపెనీ ఇచ్చిన 1234 లాంటి పిన్ ఉంటే ఈ రోజే మార్చండి. లోపలి సిమ్ గడువు ఎప్పటిదాకా ఉందో కూడా చూసుకోండి.

బోరు పైకి తీసేటప్పుడు, వైరు ముట్టుకునేటప్పుడు ఫోనులో "ఆఫ్" అని కనిపిస్తే చాలనుకోవద్దు. ఇంట్లో ఇంకెవరి ఫోను నుంచైనా మోటారు ఆన్ కావచ్చు. మెయిన్ ఆపండి, మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకోండి, ఆ తర్వాతే చేయి పెట్టండి.