అదిరిన మెదడు

2006వ సంవత్సరం అక్టోబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పాఠశాల విద్యార్థుల ఫుట్‌బాల్ పోటీ జరుగుతున్నది. 13 ఏళ్ల జాకరీ లిస్టెడ్ తల నేలకు బలంగా తగిలింది. కొద్దిసేపు పక్కన కూర్చున్న ఆ బాలుడు మళ్ళీ ఆటలోకి దిగాడు. ఆట ముగిసిన వెంటనే కుప్పకూలిపోయాడు. శస్త్రచికిత్సతో ప్రాణం దక్కింది కాని, మాటను, నడకను తిరిగి నేర్చుకోవలసి వచ్చింది. తలదెబ్బ అనుమానం కలిగిన పిల్లలను వెంటనే ఆట మాన్పించాలనీ, అర్హత గల వైద్య నిపుణుని లిఖితపూర్వకమైన అనుమతి లేనిదే మళ్ళీ ఆడనీయరాదనీ 2009లో ఆ రాష్ట్రం అతని పేరనే శాసనం చేసింది.

దెబ్బకు కపాలంలోని మెదడు ఒక్కసారిగా అదరడమే కంకషన్. నాడీకణాలలోని రసాయనాల సమతౌల్యం చెదరుతుంది. ఎముక విరగదు, రక్తం కారదు, సి.టి. స్కానులోనూ సాధారణంగా ఏమీ కనిపించదు. స్పృహ తప్పితేనే ప్రమాదమన్నది అపోహ. తలనొప్పి, తల తిరగడం, వెలుతురు సహించలేకపోవడం, చదివినది మనసుకు పట్టకపోవడం దీని లక్షణాలు.

కంటికి కనపడని ఈ లోపాన్ని కొలిచేందుకు ఏర్పడినవే జ్ఞాన పరీక్షలు. బాలునికి కొన్ని పదాలు చూపి, ఇతర పనులు చేయించి, చివర ఆ పదాలను గుర్తింపజేస్తారు. అవధాని పద్యాలను ధారణ చేయడం వంటిదే ఇది. కాకపోతే ఇక్కడ పృచ్ఛకుడు కంప్యూటరు! ప్రతిస్పందనా వేగాన్ని కూడ లెక్కిస్తారు. ఆటల కాలానికి ముందే ఒకసారి పరీక్షించి ఉంచితే, దెబ్బ తగిలిన పిదప పోల్చి చూడవచ్చును. అయితే ఎదిగే పిల్లల జ్ఞాపకశక్తి ఏటేటా మారుతుంది కనుక పాత కొలత చెల్లదు. త్వరగా బరిలోకి దిగాలనే ఆశతో మొదటి పరీక్షలో కావాలనే తప్పులు రాసే గడుసువారూ లేకపోలేదు. కాబట్టి పరీక్ష ఒక్కటే ప్రమాణం కాజాలదు. వైద్యుని పరిశీలన తప్పనిసరి.

పూర్వం చీకటి గదిలో రోజుల తరబడి పడుకోబెట్టేవారు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన నిపుణులు దానిని సమర్థించలేదు. మొదటి 24 నుండి 48 గంటలు పాక్షిక విశ్రాంతి చాలుననీ, మెల్లని నడక మంచిదేననీ అన్నారు. ఎక్కువమంది పిల్లలు నాలుగు వారాలలో కోలుకుంటారు. ముందు చదువు, తరువాతే ఆట. తొలి దినాలలో బడిలో కొద్ది గంటలే కూర్చోబెట్టి, మధ్యమధ్య విరామమిచ్చి, పరీక్షలను వాయిదా వేయడం ఉపాధ్యాయుల చేతిలోని పని.