వెనిగర్ వాడకం: ఒక మేలు, ఒక హెచ్చరిక

మా మేడిపల్లి ఇంట్లో బోరునీటి వల్ల కుళాయిల మూతులకు, బకెట్ల అడుగున తెల్లని పొర పేరుకుంటుంది. అది నీటిలోని సున్నపు లవణం. సబ్బుకు లొంగదు, పులుపుకు కరుగుతుంది.

సిరకా అని కూడా పిలిచే వెనిగర్‌లో సుమారు 4 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. సమానంగా నీరు కలిపి, అందులో గుడ్డ తడిపి కుళాయికి అరగంట చుట్టి, ఆపై తుడిచి కడిగితే పొర ఊడివస్తుంది. బట్టలు జాడించే చివరి బకెట్టు నీటిలో అరకప్పు పోస్తే మిగిలిన సబ్బు, చెమట వాసన తొలగుతాయి. నాపరాయి, పాలరాయి గచ్చులపై మాత్రం వాడరాదు. అవీ సున్నపు జాతివే గనుక నునుపు చెడుతుంది.

ఒకనాడు నేను స్నానాలగదిలో బ్లీచింగ్ పౌడరు చల్లి, ఇంకా తెల్లబడాలన్న ఆశతో దానిపై వెనిగర్ పోశాను. క్షణాల్లో కళ్ళు మండాయి. దగ్గుతో ఊపిరాడక బయటికి పరుగెత్తాను. అప్పుడు వెలువడినది క్లోరిన్ విషవాయువు.

కనుక గృహిణులారా, గృహస్థులారా! ఈ రెంటినీ ఎన్నడూ కలపకండి. పొరపాటున కలిస్తే వెంటనే గది విడిచి ఆరుబయటికి వెళ్ళండి. ఆయాసం తగ్గకుంటే వంటింటి చిట్కాలతో కాలయాపన చేయక వైద్యుని ఆశ్రయించండి.