సర్వరు పెట్టెలకు విద్యుచ్ఛక్తి నొసగు విధము

బాలబాలికలారా! మన యిండ్లలో దీప మాఱిపోయినచో మరియొక దీపమును వెలిగించుకొందుము. నడుమ గడచు రెండు నిమిషముల చీకటివలన గొప్ప నష్టమేమియు లేదు. కాని రైలు టిక్కెట్ల లెక్కలను, బ్యాంకుల పద్దులను, ఆసుపత్రులలోని రోగుల వివరములను భద్రపరచు సర్వరు లనబడు కంప్యూటరులకు అట్టి యంతరాయము ఒక్క సెకనైనను తగదు. కరెంటు క్షణకాలము నిలిచినను అవి చేయుచున్న పని నడుమనే తెగిపోవును. అట్టి యంత్రములకు ఎడతెగక విద్యుచ్ఛక్తి నొసగు ఉపాయ మెట్టిదో ఈ పాఠమున తెలిసికొందము.

పెట్టె స్వరూపము

తొలుత ప్రతి సర్వరునకును పవర్ సప్లై, ఫ్యాన్లు వేఱువేఱుగా నుండెడివి. 2001వ సంవత్సరమున ఆర్.ఎల్.ఎక్స్. టెక్నాలజీస్ అను అమెరికా కంపెనీ పలుచని పలకలవంటి సర్వరులను ఒకే పెట్టెలో ప్రక్కప్రక్కగా నిలిపి, వాని కన్నిటికిని ఉమ్మడిగా విద్యుత్తు నొసగు పద్ధతిని విక్రయమునకు తెచ్చెను. ఈ పలకలకు బ్లేడులనియు, పెట్టెకు చాసిస్ అనియు పేరు. 2006లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీవారు వెలువరించిన సి7000 అను చాసిస్ ఇందుకు చక్కని యుదాహరణము. దాని యెత్తు 17.5 అంగుళములు. ముందువైపున 16 చిన్న బ్లేడులుగాని 8 పెద్ద బ్లేడులుగాని అమరును. వాని క్రింద 6 పవర్ సప్లైలును, వెనుకవైపున 10 ఫ్యాన్లును ఉండును. పెట్టె పనిచేయుచుండగానే, చెడిన పవర్ సప్లైని బల్లసొరుగువలె వెలుపలికి లాగి క్రొత్తదానిని పెట్టవచ్చును.

శక్తి మారు విధము

మన దేశమున గోడ సాకెట్టునుండి వచ్చునది 230 వోల్టుల ఏకాంతర ప్రవాహము. కంప్యూటరునకు కావలసినదో ఏకముఖ ప్రవాహము. కావున పవర్ సప్లై మొదట దీనిని సుమారు 400 వోల్టుల ఏకముఖ ప్రవాహముగా మార్చి కెపాసిటరులో నిలువచేయును. పిమ్మట దానిని సెకనునకు వేలకొలది మారులు త్రుంచి, చిన్న ట్రాన్స్‌ఫార్మరుగుండ పంపి, 12 వోల్టులకు దింపి, మరల ఏకముఖముగా సరిచేయును. త్రుంచుట యెంత వేగముగా జరిగిన, ట్రాన్స్‌ఫార్మరు అంత చిన్నదిగా నుండవచ్చును. అందువలననే రెండువేల వాట్లకు మించిన శక్తి నొసగు యంత్రమును ఒక మనిషి చేతితో ఎత్తి అమర్చగలుగుచున్నాడు. బ్లేడులో ప్రాసెసరు దగ్గఱ ఈ 12 వోల్టులు మరల సుమారు 1 వోల్టునకు దిగును. కెపాసిటరులోని నిలువ యెంతకాలము వచ్చుననగా, సెకనులో నూఱవ వంతో, అంతకు కొంచెము హెచ్చో మాత్రమే. కావున తోడు వేఱొకటి యుండవలెను.

ఆఱు ఏల?

పల్లకీని మోయుటకు నలుగురు బోయీలు చాలుదురనుకొనుడు. అయినను ఎనమండుగురు మోయుచున్నచో, నలుగురు ఒక్కమాఱు జాఱినను పల్లకీ నేల పడదు. పవర్ సప్లైల విషయమును ఇట్టిదే. తోడువి యూరక వేచియుండక, ఎల్లప్పుడును భారమును సమానముగా పంచుకొనుచుండును. ఒకటి చెడినచో, దానికిని ఉమ్మడి తీగకును నడుమనున్న ఎలక్ట్రానిక్ ద్వారము మూసికొనును. చెడినది తక్కినవాని శక్తిని మ్రింగకుండ ఈ ద్వారమే కాపాడును.

తోడు ఉంచుటలో రెండు పద్ధతులు కలవు. మొదటిది, కావలసినవానికంటె ఒకటి హెచ్చుగా నుంచుట. దీనివలన ఒక పవర్ సప్లై చెడినను భయము లేదు. రెండవది, కావలసినన్నింటికి అన్నిటిని తోడుగా నుంచుట. ఈ పద్ధతిలో మూడింటిని ఒక కరెంటు మార్గమునకును, తక్కిన మూడింటిని వేఱొక మార్గమునకును కలుపుదురు. ఒక మార్గ మంతయు పోయినను పెట్టె నిలుచును. అయితే రెండు మార్గములును తుదకు ఒకే స్విచ్చుబోర్డునకు చేరినచో, ఈ యేర్పాటు పేరునకే కాని ఆపదలో అక్కఱకు రాదు.

ఒక లెక్క

ఒక్కొక్క పవర్ సప్లై శక్తి 2400 వాట్లు. ఆఱింటికి 14,400 వాట్లు. కాని రెండవ పద్ధతిలో నమ్మదగినది అందు సగమే, అనగా 7200 వాట్లు. పదునాఱు బ్లేడులు ఒక్కొక్కటి 400 వాట్లు వాడుననియు, ఫ్యాన్లు మొదలగువానికి 600 వాట్లనియు అనుకొందము. మొత్తము 7000 వాట్లు. ఇది క్షేమము. ఇప్పుడు బ్లేడు ఒక్కంటికి 450 వాట్లైనదనుకొనుడు. మొత్తము 7800 వాట్లగును. ప్రతిదినమును ఒక్కొక్క పవర్ సప్లైపై పడునది 1300 వాట్లే గనుక ఏ లోపమును కనబడదు. కాని ఒక మార్గము పోయిన క్షణమున మిగిలిన మూడింటిలో ఒక్కొక్కటి 2600 వాట్లు మోయవలసివచ్చును. అది శక్తికి మించిన భారము. ఒకటి ఆగినచో దాని భారమును తక్కిన రెండింటిపై పడును. పెట్టె యంతయు చల్లబడును. ఇది నివారించుటకే సి7000లోని పర్యవేక్షక యంత్రము లెక్క చూచి, తోడునకు చాలినంత మిగులు లేనియెడల క్రొత్త బ్లేడును వెలుగనీయదు.

పొదుపు

తోడు ఎక్కువైనకొలది ఒక నష్టమును కలదు. పవర్ సప్లై మిక్కిలి తేలిక భారముతో నడచునప్పుడు దాని నేర్పు తగ్గును. 2004లో ఆరంభమైన 80 ప్లస్ అను ప్రమాణములో, సర్వరులకు నిర్ణయించిన టైటానియం తరగతి యంత్రము సగము భారమున 96 శాతమును, పదవవంతు భారమున 90 శాతమును ఫల మీయవలెను. ఇట్టివి ఆఱు కలిసి 1440 వాట్లు మోసినచో, ఒక్కొక్కదానిపై పదవవంతే పడును. వేడిగా పోవునది 160 వాట్ల వఱకుండును. రెండే మోసినచో నష్టము నూఱు వాట్లకు లోపుననే యుండును. కావున భారము తగ్గినప్పుడు కొన్నిటిని నిద్రపుచ్చి, పెరిగినప్పుడు మేల్కొలుపు ఏర్పాటు సి7000లో నుంచిరి.

ఇక తీగలలోని నష్టమును చూతము. 2400 వాట్లను 12 వోల్టులతో పంపుటకు 200 ఆంపియరులు కావలెను. 48 వోల్టులతో 50 ఆంపియరులే చాలును. తీగ వేడెక్కుట ప్రవాహ వర్గమును అనుసరించును గనుక, అదే తీగలో నష్టము పదునాఱవవంతునకు దిగును. ఈ కారణముననే 2016లో గూగుల్ కంపెనీవారు 48 వోల్టుల పద్ధతిని ఓపెన్ కంప్యూట్ ప్రాజెక్టునకు సమర్పించిరి.

విద్యార్థులారా! ఈ పాఠమునుండి గ్రహింపవలసిన దొక్కటి. ప్రతిదినము సాగుచున్నంత మాత్రమున యంత్రము క్షేమముగా నున్నదని తలంపరాదు. సగము బలము పోయిననాడు మిగిలిన సగము చాలునా యని ముందుగా లెక్క వేసి చూచుటయే క్షేమము.

అభ్యాసము: ఆఱు పవర్ సప్లైలు, ఒక్కొక్కటి 2400 వాట్లు. మొదటి పద్ధతిని అనుసరించినచో ఎన్ని వాట్లవఱకు నమ్మి వాడవచ్చును? అప్పుడు ఒక కరెంటు మార్గ మంతయు పోయినచో ఏమి జరుగును? కారణము తెలుపుడు.