కోసిన గడ్డి, తీయని వేరు

ధ్యాన భాగములు: సామెతలు 24:30–34, మత్తయి 12:43–45, హెబ్రీయులకు 12:15



మన బోధను ప్రాంతము నీరుగల నేల. 1931లో నిజాంసాగర్ ఆనకట్ట పూర్తియై మంజీర నీరు మన పొలములకు వచ్చెను. 1937లో చక్కెర ఫ్యాక్టరీ స్థాపింపబడెను. చెరకుతో పాటు పల్లెలును పెరిగెను. అయితే నీరు చెరకును పెంచినట్లే కలుపును కూడ పెంచును. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతబడెను. పని వెదకుచు కొందరు పట్టణములకును, కొందరు గల్ఫు దేశములకును వెళ్లిరి. చేతులు వెళ్లిపోయిన ఇంటి పెరడు ఒక్క వానకాలములోనే అడవియగును.

మేము బదిలీయై ఈ గ్రామమునకు వచ్చునప్పటికి పాస్టరు ఇల్లు కొన్ని నెలలుగా ఖాళీగా నుండెను. పెరటినిండ తుంగ, గరిక, నడుమెత్తు వయ్యారిభామ. క్రిస్మసునకు అతిథులు వత్తురని కూలి యిచ్చి, కొడవలితో అంతయు కోయించితిమి. చూచినవారు బాగున్నదనిరి. ఫిబ్రవరి నాటికి మరల మోకాలెత్తు పెరిగెను. మేము తలుపు మూసి ఊరకుంటిమి.

ఆ దినములలోనే ఒక ఆదివారము సోమరివాని పొలమును గూర్చి మేము గట్టిగా బోధించితిమి. ఆరాధన ముగిసిన తరువాత మా ప్రక్క ఇంటి అవ్వ మెట్లయొద్ద నిలిచి మెల్లగా చెప్పెను:

“అయ్యగారూ, తప్పు వట్టుకోకుండ్రి. మీ పెరట్ల ఆ తెల్లపువ్వు విడిచినప్పుడల్ల మా పోరనికి దమ్ము లేస్తున్నది. డాక్టరు గా వయ్యారిభామనే అన్నడు. కంచె పొంటి నేనే కోస్తున్న. లోపటికి ఎట్ల రావాలె?”

మాకు తల యెత్తుటకు ముఖము లేకపోయెను. రాత్రులు ప్రక్క ఇంటిలో బాలుడు ఎగరోజుట మేము వినుచుంటిమి. వాని కొరకు ప్రార్థనయు చేసితిమి. కాని ఆ బాధలో మా పెరటికి పాలున్నదని తలంపలేదు. ఆ వేసవిలో అవ్వయే మాకు గురువాయెను. ఆమె నేర్పిన మూడు పాఠములను మీ యెదుట ఉంచుచున్నాము.

1. కోయుట వేరు, తీయుట వేరు.

“తుంగ తల కోస్తే నవ్వుతది, గడ్డ తీస్తే ఏడుస్తది” అని అవ్వ చెప్పెను. తుంగ బలము ఆకులో లేదు. మట్టిలో చిన్న గడ్డలు దారమునకు పూసలు గ్రుచ్చినట్లు ఒకదానికొకటి అంటియుండును. దారము తెగిన యెడల ఒక్కొక్క గడ్డయు వేరు మొక్కయగును. కావున మే నెల ఎండలో గడ్డపారతో జానెడు లోతు త్రవ్వి, పెల్లలు తిరుగవేసి, చేతితో గడ్డలేరి, మిగిలినవి మాడిపోవుటకు వారము పది దినములు నేలను ఎండబెట్టితిమి.

చేదైన వేరు మొలచి అనేకులను అపవిత్రపరచునని హెబ్రీ పత్రిక హెచ్చరించుచున్నది. క్రిస్మసునకు ముందు ఇద్దరు అన్నదమ్ములు ప్రభువు బల్లకు రావలెనని కరచాలనము చేసికొందురు. కాలువ నీటి వంతు వచ్చినప్పుడు పాత మాటయే మరల మొలచును. అది కోసిన గడ్డి. ఎవరు ఎవరికి ఏమి బాకీయో, ఏ మాట గ్రుచ్చుకొన్నదో కూర్చుండి చెప్పుకొనుటయే త్రవ్వుట. అది ఎండలో పనివలె కష్టము. కాని వేరు బయట పడినగాని ఎండదు.

2. పూవు రాకమునుపే పెరుకవలెను.

వయ్యారిభామ మన దేశపు మొక్క కాదు. అది అమెరికా ఖండమునుండి వచ్చినది; 1950ల మధ్యలో పూణే యొద్ద కనబడి, తరువాత దేశమంతట వ్యాపించెను. ఒక్క మొక్క వేలకొలది విత్తనములు రాల్చును. అవి మట్టిలో ఏండ్ల తరబడి నిలుచును. దాని పుప్పొడి దగ్గును, ఆయాసమును రేపును. ఆకు తగిలిన కొందరికి చర్మము పొక్కును. పశువు మేసిన పాలు చేదగును. వాన పడి నేల మెత్తబడినప్పుడు, చేతులకును ముక్కునకును గుడ్డ కట్టుకొని, పూవు రాకమునుపే వేరుతో లాగవలెను. అట్టి లేత మొక్కలను ఎరువు గుంతలో వేయవచ్చును. పూచినదానిని వేయరాదు, ఆ ఎరువుతో విత్తనము మరల పెరటికే వచ్చును.

చిన్నపాపము చిన్నదిగా నున్నప్పుడే సులభముగా వచ్చును. మన పాపపు విత్తనము మన కంచెలోనే రాలునని యెవరును అనుకొనరాదు. మేము విడిచిన పూవునకు ప్రక్క ఇంటి బిడ్డ ఊపిరి చెల్లించెను.

3. ఖాళీ నేల ఖాళీగా నుండదు.

ఊడ్చి అమర్చిన ఖాళీ యింటిలోనికి వెళ్లిపోయిన అపవిత్రాత్మ మరి యేడు ఆత్మలతో తిరిగి వచ్చుటను గూర్చి ప్రభువు చెప్పెను. త్రవ్వి విడిచిన పెరడు అట్టిదే. చెరకు కొట్టిన తరువాత ఆకును అనేకులు కాల్చివేయుదురు. మేము ఒక రైతును అడిగి ఆ ఆకు తెచ్చి, నడక దారులలోను చెట్ల మొదళ్లలోను జానెడు మందము పరచితిమి. దాని క్రింద వెలుగులేక కలుపు విత్తనము మొలవదు. వానలు పడగానే బొబ్బర్లు, పుంటికూర, గుమ్మడి పెట్టితిమి. తుంగ నీడకు ఓర్వదు. గుమ్మడి ఆకు కమ్మిన చోట అది పలుచబడెను. అయినను ప్రతి శనివారము ఒక గంట వంగవలసి వచ్చెను, నేటికిని వచ్చుచున్నది.

త్రాగుడు మానిన సహోదరునికి సాయంకాలము ఖాళీగా మిగులును. ఆ గంటలో ఆయనతో ఎవరు కూర్చుందురు? సంఘము ఆ ఖాళీలో ఒక పాటను, ఒక పనిని, ఒక స్నేహితుని నాటనియెడల దుకాణమే మరల నాటును.

ఒక మాట దాచరాదు. ఆ బాలుని దమ్ము పూర్తిగా పోలేదు. మా పెరడు బాగుపడినను వీధి ప్రక్కను, పాడుపడిన ఇండ్లలోను ఆ మొక్క యున్నది. అందుచేత తొలకరి తరువాత మన యౌవనస్థులు పారలు పట్టుకొని, యజమానులను అడిగి, గల్ఫునకు పోయినవారి పెరళ్లను కూడ పెరుకుచున్నారు. అవ్వ వారికి చల్ల పోయుచున్నది. ఇది కూడ ఆరాధనయే.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:
మన ఇంటి కలుపువలన బాధపడుచు, చెప్పలేక కంచె ప్రక్కన నిలిచినవారు ఎవరు?
కోసి విడిచిన ఏ వేరును ఈ నెలలో త్రవ్వవలెను?
ఖాళీ చేసిన చోట ఏమి నాటెదము?

ప్రార్థన: ప్రభువా, మేము బోధించు మాట మొదట మా పెరటిలో నెరవేరునట్లు చేయుము. వంగుటకు నడుమును, ప్రక్కవారి మాట వినుటకు చెవిని మాకిమ్ము. ఆమేన్.