కిరణచికిత్స – గాయం మానే తీరు

తెలుగులో 'మాను' అన్న క్రియకు రెండు అర్థాలున్నవి. "పుండు మానింది" అంటాము. "పొగత్రాగడం మానాడు" అనీ అంటాము. మొదటిది నయం కావడం, రెండవది ఆగిపోవడం. ఈ రెండింటి సంబంధాన్ని గురించి శబ్దశాస్త్రజ్ఞులు ఏమి చెప్పినా సరే, జీవశాస్త్రం మాత్రం వాటి మధ్య విడదీయరాని బంధాన్ని చూపుతున్నది. గాయం మానాలంటే శరీరంలో కొన్ని పనులు సకాలంలో ఆరంభం కావాలి. సకాలంలో ఆగిపోవాలి కూడా. కేన్సరు వ్యాధికి చేసే కిరణచికిత్స చర్మంలో ఈ ఆరంభాన్నీ, ఈ విరమణనూ ఎట్లా తారుమారు చేస్తుందో అణుస్థాయిలో పరిశీలించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

చర్మం తెగిన వెంటనే రక్తఫలకికలు అక్కడ గుమిగూడి రక్తాన్ని గడ్డ కట్టిస్తాయి. గండి పూడ్చడంతో ఊరుకోక, వృద్ధికారకాలనే ప్రోటీనులను విడుదల చేసి ఇతర కణాలకు కబురు పంపుతాయి. మొదటి రోజున న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు వచ్చి సూక్ష్మజీవులను హతమారుస్తాయి. రెండు మూడు రోజులలో మాక్రోఫేజ్ కణాలు చేరి శిథిలాలను మింగి, మరిన్ని కబుర్లు పంపుతాయి. ఆ పిలుపునందుకొన్న ఫైబ్రోబ్లాస్టులు – వీటిని తంతుకణాలు అనవచ్చు – కొలాజెన్ అనే నారను తయారు చేస్తాయి. కొత్త రక్తకేశనాళికలు మొలుస్తాయి. పై పొర కణాలు అంచుల నుండి ప్రాకి వచ్చి గాయాన్ని కప్పుతాయి. ఆ తరువాత నెలల తరబడి దిద్దుబాటు సాగుతుంది; పని ముగిసిన తంతుకణాలు చాలావరకు తమంతట తామే మరణిస్తాయి. ఇంత జరిగినా, మానిన చోటు పూర్వపు బలంలో సుమారు 80 శాతానికి మించి చేరుకోదు.

కిరణచికిత్సను మన జనం "కరెంటు పెట్టడం" అంటారు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో, గుజరాత్ మొదటి గవర్నరుగా పనిచేసిన మెహదీ నవాజ్ జంగ్ పేరిట వెలసిన కేన్సరు ఆసుపత్రికి పోయి వచ్చిన రోగుల నోట ఈ మాట తరచు వినవచ్చు. కరెంటు అన్నాక కాలుతుందనుకోవడం సహజమే. కాని ఇది కాలిన గాయం కాదు. ఒక రోజు మోతాదుగా సాధారణంగా ఇచ్చే 2 గ్రేల శక్తి అంతా వేడిగా మారినా శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీలో వెయ్యవ వంతు కూడా పెరగదు. మరి చర్మం ఎందుకు చెడుతున్నది?

ఈ ప్రశ్నకు తొలినాటి సాక్ష్యాలలో ఒకటి 1901 నాటిది. బెకరెల్ రేడియం గల గాజుగొట్టాన్ని జేబులో పెట్టుకొని తిరుగగా, కొన్ని రోజుల తరువాత ఆ జేబు క్రింది చర్మం ఎర్రబడి పుండు పడింది. పియరీ క్యూరీ బుద్ధిపూర్వకంగానే తన చేతిపై 10 గంటలపాటు రేడియం ప్రభావాన్ని సోకనిచ్చి, జరిగినదంతా వ్రాసిపెట్టినాడు. మొదట ఎరుపు, 20వ రోజుకు పొక్కు, పిదప పుండు. 42వ రోజున మాత్రమే అంచుల నుండి కొత్త చర్మం బయలుదేరింది. 52వ రోజుకు కూడా ఒక చదరపు సెంటీమీటరు మేర మానకుండా మిగిలింది. నిప్పు తగిలితే తక్షణమే తెలుస్తుంది. ఈ దెబ్బ తెలియడానికే రోజులు పట్టింది, మానడానికి నెలలు పట్టింది. ఆలస్యంలోనే అసలు రహస్యం ఉన్నది.

కణంలో అధికభాగం నీరే. కిరణాలు ఆ నీటి అణువులను చీల్చినప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ అనే అతి చురుకైన ఖండం పుడుతుంది. అది క్షణంలో లేశమాత్రపు కాలమే బ్రతికినా, దగ్గరలో ఉన్న డి.ఎన్.ఎ. పోగులను తెంపుతుంది. కొంత దెబ్బ కిరణాల వల్ల నేరుగానే తగులుతుంది. ఒక గ్రే మోతాదుకు ప్రతి కణంలోనూ డి.ఎన్.ఎ. రెండు పోగులూ ఒకే చోట తెగిన సందర్భాలు సుమారు 30 నుండి 40 వరకు ఉంటాయి. ఎ.టి.ఎం. అనే ఎంజైము ఆ తెగుళ్ళను పసిగట్టి పి-53 అనే ప్రోటీనును మేల్కొలుపుతుంది. అది పి-21 ద్వారా కణవిభజనను ఆపివేస్తుంది. అతుకు కుదిరితే కణం తిరిగి పనిలో పడుతుంది. కుదరకపోతే మరణిస్తుంది, లేదా బ్రతికి ఉండి కూడా ఇక ఎన్నటికీ విభజన చెందని వార్ధక్య దశకు చేరుతుంది.

చర్మం పై పొరకు అడుగున నిత్యం విభజన చెందే కణాల వరుస ఒకటి ఉన్నది. పైన రాలిపోయే కణాల స్థానాన్ని నింపేది అదే. కిరణాలు ఈ వరుసను దెబ్బతీసినా, పైన ఉన్న కణాలు కొన్ని వారాలు నిలిచే ఉంటాయి గనుక చర్మం బాగున్నట్లే కనిపిస్తుంది. అవి రాలి, క్రింది నుండి కొత్తవి రానప్పుడే చర్మం పొట్టు లేచి, కొందరిలో తడిపుండ్లు పడతాయి. చికిత్స మూడు నాలుగు వారాలు నడిచాక ఇట్లా జరగడం చూచి, "ఒళ్ళు కాల్చివేస్తున్నారు" అని భయపడి మధ్యలో మానుకొనేవారు ఉన్నారు. ఇది ప్రమాదకరం. ఆ విరామంలో మిగిలిన కేన్సరు కణాలు త్వరత్వరగా పెరుగుతాయి. చర్మమా, చాలామందిలో కొద్ది వారాలలో తేరుకుంటుంది. దానిని రుద్దక, కాపడం పెట్టక, ఎండ తగలనీయక, గోరువెచ్చని నీటితో మెల్లగా కడుగుకొంటూ వైద్యునికి చూపుకోవాలి.

ఇంతవరకు చెప్పినది పనులు ఆరంభం కాకపోవడం. ఇక ఆగకపోవడం సంగతి. టి.జి.ఎఫ్.-బీటా అనే వృద్ధికారకం మామూలు చర్మంలో ఒక ప్రోటీను తొడుగులో బంధింపబడి నిద్రాణంగా ఉంటుంది. గాయమైనప్పుడు విడుదలై, స్మాడ్ అనే ప్రోటీనుల ద్వారా తంతుకణాల కేంద్రకానికి 'నార తయారు చేయుము' అన్న ఆజ్ఞను చేరుస్తుంది. గాయం పూడగానే ఆజ్ఞ సన్నగిల్లాలి. కిరణాల వల్ల పుట్టే చురుకైన ఆక్సిజన్ ఖండాలు ఆ తొడుగును విప్పివేయగలవు. కిరణాలు సోకిన చర్మంలో ఈ ఆజ్ఞ నెలలు, సంవత్సరాలు కూడా కొనసాగుతుంది. కొలాజెన్ అడ్డదిడ్డంగా పేరుకొని చర్మం గట్టిపడుతుంది. స్మాడ్-3 జన్యువు లేని ఎలుకలలో కిరణాల వల్ల చర్మానికి కలిగే హాని తక్కువగా ఉన్నదని 2002లో వెలువడిన ప్రయోగఫలితాలు ఈ వాదానికి బలం చేకూర్చినవి.

దీనికి తోడు సన్నని రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, కాలక్రమాన నాళాల సంఖ్య తగ్గుతుంది. ఆక్సిజన్ సరఫరా కుంటుపడుతుంది. కొలాజెన్ మూడు పేటలుగా పురిపడి గట్టిపడాలంటే అందులోని ప్రోలిన్‌కు హైడ్రాక్సిల్ సమూహం చేరాలి. ఆ చర్యకు విటమిన్-సి తోపాటు ఆక్సిజన్ కూడా కావాలి. తెల్లరక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికీ ఆక్సిజనే ఆయుధం. అందువల్ల ఇటువంటి చోట నార ఎక్కువగా ఉండి కూడా కొత్త గాయం సరిగా అతుకదు, చీము పట్టే అవకాశమూ ఎక్కువ. వింతగా తోచినా ఇది నిజం. దవడ ఎముక విషయంలో మార్క్స్ అనే శస్త్రవైద్యుడు 1983లో ఈ స్థితిని మూడు కొరతలుగా చెప్పినాడు: ఆక్సిజన్ కొరత, కణాల కొరత, రక్తనాళాల కొరత.

శస్త్రచికిత్సలో దీని ఫలం ఎంతటిదో కెనడా వైద్యులు 2002లో ప్రకటించిన పరిశీలన వల్ల తెలుస్తుంది. కాలుసేతుల మెత్తని కణజాలంలో పుట్టిన సార్కోమా గడ్డలకు ముందుగా కిరణచికిత్స చేసి తరువాత కోసినవారిలో 35 శాతం మందికి గాయం విషయంలో చిక్కులు వచ్చినవి. ముందు కోసి తరువాత కిరణాలిచ్చినవారిలో 17 శాతం మందికే వచ్చినవి. అట్లని ముందు ఇవ్వడం తప్పు అనరాదు. అప్పుడు మోతాదు తక్కువ సరిపోతుంది, అవయవం బిగుసుకొనిపోవడమూ తగ్గుతుంది.

మన ప్రాంతంలో నోటి కేన్సరు తక్కువేమీ కాదు. ఉత్తరకోస్తాలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే స్త్రీలలో అంగిటి కేన్సరును వైద్యులు ఏనాడో గుర్తించినారు. నోటికి, మెడకు 60 నుండి 70 గ్రేల వరకు పొందినవారు పదేళ్ళ తరువాత పన్ను తీయించుకొన్నా ఆ గుంట మానక ఎముక బయటపడవచ్చు. పైకి చర్మం నున్నగా ఉండటం వల్ల దంతవైద్యునికి అనుమానం రాదు. పాత చికిత్స సంగతి రోగి గాని, వెంట వచ్చిన ఇంటివారు గాని ముందుగా చెప్పాలి. పాత చీటీలు భద్రపరచాలి. చదువుకొన్న పిల్లలు ఇంట్లో ఉంటే ఈ పని వారిదే.

మానని గాయానికి అధిక పీడనం గల గదిలో ఉంచి ఆక్సిజన్ ఇచ్చే పద్ధతి ఒకటి ఉన్నది గాని, దాని ఫలితాలు అన్ని పరీక్షలలో ఒకే విధంగా లేవు. మరింత నమ్మదగిన మార్గం శస్త్రవైద్యులది. కిరణాలు సోకని చోటి నుండి చర్మాన్ని, కండను, దానికి రక్తం తెచ్చే నాళంతో సహా తెచ్చి కుట్టుతారు. అయితే కుట్టుకు ఒక ప్రక్క కొత్త చర్మమైనా, రెండవ ప్రక్క పాతదే. కనుక చెడిన అంచును, చక్కగా రక్తం కారే భాగం వచ్చేదాకా కోసి తీసివేసిన పిమ్మటనే కుట్టు వేస్తారు.