‘ఘనంగా’ కొట్టేస్తే ఏం మిగులుతుంది?

ఆళ్లగడ్డలోని ఒక శిల్పశాల నుంచి పత్రికలకు ఇలాంటి ప్రకటన వెళ్లిందనుకుందాం: “పట్టణంలో శిల్ప ప్రదర్శన అంగరంగ వైభవంగా జరిగింది. ముఖ్య అతిథిగా ఫలానా వారు విచ్చేసి జ్యోతి ప్రజ్వలన గావించారు. శిల్పకళ ఎంతో గొప్పదని కొనియాడారు. ఫలానా, ఫలానా, ఫలానా తదితరులు పాల్గొన్నారు.”

పెన్ను తీసి ‘అంగరంగ వైభవంగా’, ‘ఎంతో’, ‘కొనియాడారు’ కొట్టేయండి. అతిథుల పేర్లు కాసేపు పక్కన పెట్టండి. ప్రదర్శన జరిగిందన్న ఒక్క ముక్క మిగిలింది. అదీ అయిపోయింది కాబట్టి చదివినవాళ్లు వెళ్లి చూసే వీలు కూడా లేదు. ఊరి పేరు, అతిథి పేరు మారిస్తే ఇదే ప్రకటన నంద్యాలలో రక్తదాన శిబిరానికీ సరిపోతుంది, బనగానపల్లెలో బడి వార్షికోత్సవానికీ సరిపోతుంది. రాళ్లను దేవుళ్లుగా మలిచే ఊరి గురించి రాసిన నాలుగు వాక్యాల్లో ఒక్క రాయి కూడా కనబడదు. నాకు బాధ కలిగించేది ఇదే. విషయం లేక కాదు, అడిగి తెలుసుకునే ఓపిక చాలక మనవాళ్ల పని లోకానికి తెలియకుండా పోతోంది.

ప్రజా సంబంధాల రాత కంపెనీల్లో పీఆర్వోలకు మాత్రమే అక్కరకొచ్చే విద్య అనుకోకండి. మీరు స్వయం సహాయక సంఘం నడుపుతున్నా, గుడి కమిటీలో ఉన్నా, కొత్తగా దుకాణం తెరిచినా, కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం పెట్టినా ఏదో ఒకరోజు మీ పని గురించి పదిమందికి రాసి చెప్పాల్సి వస్తుంది. తెలుగువాళ్లలో డాక్టర్ సి.వి. నరసింహారెడ్డి లాంటివారు సమాచార శాఖలో పనిచేసి, ‘పబ్లిక్ రిలేషన్స్ వాయిస్’ పత్రిక నడిపి, దీన్నొక శాస్త్రంగా బోధించారు. నేర్చుకుంటే ఎవరికైనా వచ్చే విద్య ఇది.

మొదటి పని రాయడం కాదు, వెళ్లడం. నోటు పుస్తకం పట్టుకుని శిల్పి దగ్గర కూర్చోండి. ఈ రాయి ఏ క్వారీ నుంచి వచ్చింది? గర్భగుడి మూలవిరాట్టుకు ఎలాంటి రాయి ఎంచుకుంటారు? ఎత్తు ఎంత, బరువు ఎంత, ఎన్నాళ్లు పడుతుంది? మిషను ఎక్కడిదాకా వాడతారు, ఉలి ఎక్కడ పట్టుకుంటారు? కళ్లు ఎప్పుడు చెక్కుతారు? ఇది ఏ ఊరి గుడికి వెళ్తోంది? పిల్లలు ఈ పని నేర్చుకుంటున్నారా? అర్థం కాకపోతే రెండోసారి అడగడానికి మొహమాటపడొద్దు. గంటసేపు ఇలా అడిగినవాడికి విశేషణాలతో పని ఉండదు.

ఆళ్లగడ్డ శిల్పాలకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ ఉంది. ‘ప్రతిష్ఠాత్మక జీఐ ట్యాగ్ సాధించిన’ అని రాసి వదిలేస్తే నెల్లూరులో గుడి కట్టిస్తున్న పెద్దాయనకు ఏం తెలుస్తుంది? ఈ ప్రాంతంలో, ఈ పద్ధతిలో చేసినవాటినే ఆ పేరుతో అమ్మాలనీ, వేరేచోట చేసి ఆ పేరు తగిలిస్తే చట్టం ఒప్పుకోదనీ ఒక్క వాక్యంలో చెప్పండి. ‘అయితే అక్కడే చేయించుకుందాం’ అనుకోవడానికి ఆయనకు ఒక కారణం దొరుకుతుంది.

తెచ్చిన వివరాలన్నీ ముందేసుకున్నాక, కాగితం మీద పెట్టేముందు ఆ సంగతి తెలియని ఒకరికి నోటితో ఒకే వాక్యంలో చెప్పి చూడండి. ఉదాహరణకు నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రాన్ని తీసుకోండి. అక్కడ రూపుదిద్దుకున్న శనగ రకాల్లో ఎన్‌బీఈజీ-47 ఒకటి. ‘శాస్త్రవేత్తల నిర్విరామ కృషితో ఎన్‌బీఈజీ-47 రకం రూపొందింది’ అని మొదలుపెడితే నల్లరేగడిలో శనగ వేసే రైతు పేజీ తిప్పేస్తాడు. ఆయనకు కోతల కాలంలో కూలీలు దొరకడం లేదు. మామూలు శనగ మొక్క పొట్టిగా, గుబురుగా ఉండి కాయలు నేలకు దగ్గరగా కాస్తాయి, మిషనుకు అందవు. ఈ రకం నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది. కాబట్టి మొదటి వాక్యం ‘ఈ శనగను మిషనుతో కోయొచ్చు’ అన్నదే కావాలి. రకం పేరు రెండో వాక్యంలో వస్తే చాలు, శాస్త్రవేత్తల కృషి ఆ తర్వాత. కృషిని తక్కువ చేయడం కాదిది. రైతు ఆ విత్తనం వేసి చూడటం కంటే వాళ్ల కృషికి పెద్ద గౌరవం ఏముంటుంది?

ఇక ఏది ముందు, ఏది వెనక అన్న వరస. 1989లో ‘ఈనాడు’ జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక పల్లెటూరి సంగతికి కూడా పత్రికలో చోటొచ్చింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది, కలెక్టరేట్ వచ్చింది, ప్రకటనలు పంపే కార్యాలయాలూ పెరిగాయి. కాబట్టి డెస్కులో ఉన్న సబ్ ఎడిటర్‌కు మీ కాగితం చూడటానికి దొరికేవి కొద్ది నిమిషాలే. చోటు చాలకపోతే ఆయన కిందినుంచి కోస్తాడు. అందుకే ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నవి ఇంట్రోలోనే పడాలి. ఎందుకు, ఎలా అన్నవి రెండో పేరాలో. అతిథుల జాబితా అన్నిటికంటే కింద. ఇక్కడే చాలామందికి మనసొప్పదు. పెద్దాయన పేరు కింద వేస్తే ఏమనుకుంటారో అని భయం. ఆ భయాన్ని దాటడం వ్యక్తిత్వానికి సంబంధించిన విషయం, వ్యాకరణానికి సంబంధించింది కాదు. ఆయన దగ్గరికి వెళ్లి, ‘సార్, ఇలా రాస్తే జనం చదువుతారు, మీరు వచ్చిన కార్యక్రమానికే మేలు’ అని నెమ్మదిగా చెప్పండి. వింటారు.

ఒకే రాత అందరికీ పంపడం మరో అలవాటు. మన అహోబిలం పారువేట చూడండి. కనుమ నాడు నరసింహస్వామి పల్లకీ బయల్దేరుతుంది. ఫాల్గుణంలో జరగబోయే తన కల్యాణానికి స్వామే స్వయంగా పిలవడానికి వస్తాడని జనం నమ్మిక. దాదాపు 40 రోజులు, 30కి పైగా ఊళ్లు తిరుగుతాడు. గుడి ముందు నిలబడి అందరికీ కలిపి ఒక్క కేక వేస్తే సరిపోదన్న ఇంగితం ఆ సంప్రదాయంలో ఉంది. మీరూ అంతే. జిల్లా పేజీకి వార్త, వాట్సాప్ గ్రూపుకు నాలుగు లైన్లు, బయటి రాష్ట్రం నుంచి వచ్చే యాత్రికుడికి వేరే కాగితం రాయాలి. యాత్రికుడికి క్షేత్ర మహిమ ముందే తెలుసు, అందుకే బయల్దేరాడు. దిగువ అహోబిలం నుంచి ఎగువకు 8 కిలోమీటర్లని, నవ నారసింహుల్లో జ్వాలా నరసింహుడి దగ్గరికి కొండ నడిచి ఎక్కాలని, ముసలివాళ్లు ఎక్కడ ఆగిపోవచ్చో ఆయనకు చెప్పేవారు కావాలి.

చెడువార్త రాయాల్సి వచ్చినప్పుడు ఈ విద్యకు అసలు పరీక్ష. 1906 అక్టోబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీదినుంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయారు. కంపెనీలు అలాంటివి కప్పిపెట్టే రోజులవి. ఐవీ లీ అనే ఆయన రైల్వే కంపెనీని ఒప్పించి, తెలిసిన వివరాలు రాసి పత్రికలకు ఇచ్చాడు, విలేకరులను ప్రమాద స్థలానికి తీసుకెళ్లే ఏర్పాటు చేయించాడు. పత్రికా ప్రకటనకు అదే నాంది అని చాలామంది అంటారు. మన దగ్గర 2019 సెప్టెంబరులో నల్లమల వానలకు మహానంది ఆలయంలోకి వరద నీరు వచ్చింది. అలాంటి రోజున ‘అధికారులు యుద్ధప్రాతిపదికన చర్యలు చేపట్టారు’ అన్న వాక్యం ఎవరి ఆందోళనా తీర్చదు. దారి తెరిచి ఉందా, దర్శనం ఉందా, లోపల చిక్కుకున్నవాళ్లు క్షేమమేనా, మళ్లీ ఎన్ని గంటలకు సమాచారం ఇస్తారు? తెలిసింది తెలిసినట్టు చెప్పండి. తెలియనిది ‘ఇంకా తెలియలేదు’ అని రాయండి. ఆ ఒక్క మాట రాయడానికి కావలసిన ధైర్యం ముందునుంచీ అలవాటు చేసుకోవాలి.

పంపేముందు బిగ్గరగా చదవండి. ఊపిరి అందని చోట వాక్యం విరగ్గొట్టండి. పేర్లు, ఇంటిపేర్లు, తేదీ, వారం మళ్లీ సరిచూడండి. ఇచ్చిన ఫోన్ నంబరుకు మీరే ఒకసారి చేసి చూడండి. ఫొటోలో ఎడమ నుంచి ఎవరెవరో క్యాప్షన్ రాయండి. అందరూ వరసగా నిలబడ్డ ఫొటో కంటే ఉలి పట్టిన చేయి కనబడే ఫొటో పంపండి. డెస్కు హడావుడి మొదలుకాక ముందే, మధ్యాహ్నానికల్లా చేర్చండి.

మర్నాడు పత్రిక తెచ్చి, మీరు పంపిన కాగితం దాని పక్కన పెట్టుకోండి. ఏ వాక్యం ఉంచారో, ఏది తీసేశారో గీత గీసి చూడండి. తప్పు పడితే విలేకరికి ఆ ఉదయమే ఫోన్ చేసి మర్యాదగా సవరణ అడగండి. తప్పు మీ కాగితంలోనే ఉంటే ఆ సంగతి ముందు చెప్పండి. రెండు కాగితాలనూ ఒకే ఫైల్లో పెట్టి, తర్వాతి ప్రకటన రాయడానికి కూర్చున్నప్పుడు ముందు ఆ ఫైలు తెరవండి.